మనోవ్యాధికి మందు లేదా?



"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దలు అంటూ వచ్చారు. గోదావరి జిల్లాలలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. చదువుకున్న కొడుకు నెలల తరబడి గదిలోంచి బయటకు రాడు. కాన్పయిన కోడలు బిడ్డ వంక చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. భర్త పోయిన ఇల్లాలు అన్నం మానేస్తుంది. చుట్టాలు వస్తారు, నిట్టూరుస్తారు, ఈ సామెత చెప్పి వెళ్ళిపోతారు. ఆ మాటలో జాలి ఉంది. కాని చాలా ఇళ్ళలో అది తలుపుకు వేసిన గడియ అవుతోంది. మందు లేదని ఒకసారి అనుకున్నాక ఇక ఎవరూ వెతకరు గదా!

ఏటా అక్టోబరు 10వ తేదీని ప్రపంచ మానసిక ఆరోగ్య దినంగా పాటిస్తారు. ఆ రోజును తలచుకుని, మన విచారణలలో తరచు ఎదురయ్యే ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. మనసు కుంగినవారికి, చెదిరినవారికి డబ్బు సాయం చేయడం నిజమైన సాయమేనా? "దెబ్బ తగిలింది మనసుకు, జేబుకు కాదు. వారికి కావలసింది ప్రార్థన, ఓదార్పు" అని భక్తిగలవారు అంటారు. "నాలుగు రూపాయలు చేతిలో పెడితే మన బాధ్యత తీరింది" అని తొందరగలవారు అంటారు. వినడానికి ఈ రెండూ ఎదురెదురు మాటలు. నిజానికి రెండింటికీ వేరు ఒక్కటే. మనసు వేరు, కడుపు వేరు అని మనిషిని రెండు ముక్కలుగా చూడడమే ఆ వేరు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరిచి చూడండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి నిప్పు దిగడం కళ్ళారా చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే ప్రాణభయంతో ఎడారికి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. ఇది అవిశ్వాసి కథ కాదు, మహాప్రవక్త కథ. దేవుడు ఆయనను మందలించలేదు, విశ్వాసం తగ్గిందని ఉపదేశం చేయలేదు. దేవదూత ఆయనను తట్టి లేపి రొట్టె, నీళ్ళు చూపించాడు. ఏలీయా తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా వచ్చాడు. నడవవలసిన దారి చాలా ఉందని చెప్పి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తరువాతనే. ముందు రొట్టె, ఆపైన నిద్ర, తిరిగి వచ్చిన దూత, చివరికి మాట. ఈ వరుసను మనం తరచు తలకిందులు చేస్తున్నాం.

పేదరికం ఒక్కటే మనోవ్యాధికి కారణమని నేను అనడం లేదు. మేడలలో ఉన్నవారికీ ఈ జబ్బులు వస్తాయి. కాని లేమి మనసును ఎలా ఆక్రమిస్తుందో తెలుసుకోవాలి. తమిళనాడులో చెరకు రైతులకు ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టి, కొందరు పరిశోధకులు 2013లో ఫలితాలను ప్రకటించారు. ఒకే రైతుకు కోతకు ముందు, చేతిలో పైసా ఆడని రోజుల్లో ఒకసారి, పంట డబ్బు అందాక మరోసారి పరీక్ష జరిగింది. కోతకు ముందు ఫలితాలు స్పష్టంగా తగ్గాయి. మనిషి అదే, తెలివీ అదే. ఎవరికి ఎంత బాకీ, రేపటికి ఏం దారి అన్న లెక్కలే తలలో చోటంతా తీసుకున్నాయి. తణుకు ప్రాంతపు చెరకు రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు సాయం ఇచ్చిన ప్రాంతాలలో ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గాయని 2019 నాటి మరో పరిశోధన తేల్చింది. కాబట్టి డబ్బుకూ మనసుకూ సంబంధం లేదని ఎవరైనా అంటే, వారు డబ్బు లేని రోజులు మరచిపోయారనుకోవాలి.

మన డెల్టాలో 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని చూసినవారు మరచిపోలేదు. ఆ రాత్రి తుఫాను కోనసీమను, కాకినాడ తీరాన్ని ఊడ్చిపెట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన జాలరులు ఎందరో తిరిగి రాలేదు. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి, వంటసామాను వచ్చింది. ఇచ్చిన చేతులన్నిటికీ దండం పెట్టాలి. కాని కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. శవమైనా దొరకని భర్త కోసం ఆడమనిషి సముద్రం వంక చూసే కాలానికి లెక్కే లేదు. ఎక్కడ ఆపద వచ్చినా సాయం మాత్రం కొన్ని వారాలకే ఆగిపోతుంది. మిగిలిన ఆ ఏళ్ళు ఎవరి వంతు? చెట్టుకు పట్టినంత కాలమే మనసుకూ పడుతుందని తెలిసినవారు సాయాన్ని కొంచెం కొంచెంగానైనా ఎక్కువ కాలం ఇస్తారు.

తుఫాను ఒక్క రాత్రిలో చేసే పనిని అప్పు వారం వారం చేస్తుంది. సూక్ష్మరుణ సంస్థలు మన పల్లెల్లో ఎలా అప్పులిచ్చాయో చాలా కుటుంబాలకు గుర్తే. గ్రూపులో ఒకరు వాయిదా కట్టకపోతే మిగతావారు కట్టాలి. అందువల్ల నిన్నటిదాకా పలకరించిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళే వచ్చి వాకిట్లో కూర్చునేవారు. అప్పులవాళ్ళ ఒత్తిడి తాళలేక ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది చట్టమైంది. వాయిదాలు నెలకొకసారే ఉండాలని, వసూలు ఇళ్ళ దగ్గర కాక పంచాయతీ కార్యాలయం వంటి చోట జరగాలని అందులో నియమం పెట్టారు. ఈ రెండో నియమాన్ని గమనించండి. అది రూపాయల గురించి కాదు, వాకిలి గురించి. అప్పు భారం ఒక ఎత్తు, నలుగురిలో పోయిన పరువు మరో ఎత్తు. డబ్బు కష్టం మనసుకు ఎక్కే దారి చాలాసార్లు ఈ వాకిలే.

ఇక వైద్యం సంగతి చూద్దాం. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మానసిక రుగ్మతలు ఉన్నవారిలో, రుగ్మతను బట్టి, నూటికి 70 నుంచి 92 మంది వరకు చికిత్స అందుకోవడం లేదని ఆ సర్వే చెప్పింది. చికిత్సకు, ఆస్పత్రికి వెళ్ళి రావడానికి కలిపి ఒక్కొక్క కుటుంబం నెలకు సుమారు 1,000 నుంచి 1,500 రూపాయల వరకు చేతి నుంచి పెట్టుకుంటోందని కూడా చెప్పింది. ఒక లంక గ్రామం నుంచి కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రికి బయలుదేరిన తల్లీకొడుకులను ఊహించుకోండి. రేవు దాటాలి, ఆటో ఎక్కాలి, బస్సులు మారాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది గనుక తల్లికి ఆ మేరకు ఊరట. కొడుకు టికెట్టు, ఆటో, మధ్యాహ్నం భోజనం, ఇద్దరి ఒకరోజు కూలి మాత్రం మిగిలే ఉన్నాయి. మొదటి నెల వెళతారు, రెండో నెల వెళతారు, మూడో నెల నాట్లో కోతలో అడ్డం వస్తాయి. మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. "చూశారా, మనోవ్యాధికి మందు లేదు" అని ఊరు తీర్పు చెబుతుంది. మందు ఉంది. దాని దగ్గరికి వెళ్ళే దారి ఖర్చే లేదు.

"డబ్బిస్తే తాగేస్తాడండీ" అనే మాట కూడా వినిపిస్తుంది. కొన్ని ఇళ్ళలో అది నిజమే. అక్కడ డబ్బు ఇల్లాలి చేతికి ఇవ్వవచ్చు, మందుల షాపులో కట్టవచ్చు, పిల్లల పుస్తకాలకు కట్టవచ్చు. అంతకంటే లోతైన జవాబు ఆఫ్రికాలోని లైబీరియా నుంచి వచ్చింది. అక్కడ రాజధాని మన్రోవియాలో నేరాలు, కొట్లాటలలో మునిగిన సుమారు వెయ్యిమంది యువకులను తీసుకుని, కొందరికి కోపాన్ని, ఆలోచనను సరిదిద్దుకునే శిక్షణ ఇచ్చారు. కొందరికి 200 డాలర్లు ఇచ్చారు. కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి శిక్షణ ఒక్కటే పొందినవారిలో మార్పు సన్నగిల్లింది. డబ్బు ఒక్కటే అందుకున్నవారిలో దాని ఫలితం త్వరగానే కరిగిపోయింది. రెండూ అందుకున్నవారిలో మాత్రం మార్పు నిలిచింది. పదేళ్ళ తరువాత వెళ్ళి చూసినా నిలిచే ఉంది. శిక్షణలో నేర్చుకున్న కొత్త బ్రతుకును నిలబెట్టుకోవడానికి ఆ డబ్బు వారికి కొంత వ్యవధి ఇచ్చిందని పరిశోధకులు అనుకున్నారు. మాటకు డబ్బు ఆధారమైంది, డబ్బుకు మాట దారి చూపింది.

ప్రభువు ఈ సంగతిని ఏనాడో కథగా చెప్పారు. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని గురించి చిన్ననాటి నుంచి వింటున్నాం. గాయాలకు కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి చేర్చాడు. మన ప్రసంగాలు చాలావరకు అక్కడికే ఆగుతాయి. మరునాడు ఏం జరిగిందో చూడండి. అతడు సత్రం యజమాని చేతిలో రెండు దీనారాలు పెట్టి ఇతనిని చూసుకొమ్మన్నాడు. ఇంకా ఖర్చయితే తాను తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో దీనారం ఒక కూలి మనిషి రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి. సమరీయుడు అన్నీ తానే చేయబోలేదు. ఆ పనికి తగిన చోటు, తగిన మనిషి ఉన్నచోటికి చేర్చాడు. మాటలతో సరిపెట్టకుండా డబ్బు పెట్టాడు. డబ్బుతో చేతులు దులుపుకోకుండా తిరిగి వస్తానన్నాడు. దాతలూ, వైద్యులూ, విచారణలూ కలిసి చేయవలసిన పనికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు.

డబ్బు తీసుకుని సేవ చేస్తే అది ప్రేమ ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. సత్రం యజమాని కూడా డబ్బు తీసుకున్నాడు గదా! బెల్జియం దేశంలో గీల్ అనే ఊరు ఉంది. మతిస్థిమితం లేనివారికి పాలక పునీతురాలైన డింఫ్నా పేరిట అక్కడ గుడి వెలసింది. మధ్యయుగాల నుంచి జనం తమ రోగులను అక్కడికి తీసుకువచ్చేవారు. గుడి దగ్గర చోటు చాలక, ఊరివారు వారిని తమ ఇళ్ళలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ ఆచారం వందల ఏళ్ళు సాగింది. 1930ల చివరి నాటికి ఆ ఊరి కుటుంబాలలో సుమారు 3,800 మంది అలా ఉండేవారు. సంఖ్య బాగా తగ్గినా ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆస్పత్రి వైద్యం చూస్తుంది, ప్రభుత్వం కుటుంబానికి కొంత సొమ్ము ఇస్తుంది. ఆ సొమ్ము ప్రేమను కొనలేదు. ప్రేమించాలనుకున్న పేద ఇంటికి అది వీలు కల్పించింది. మన దేశంలోనే దీనికి ఎదురు దృశ్యం చూశాం. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు 28 మంది కాలిపోయారు. అక్కడ వదిలిన కుటుంబాలన్నీ రాతిగుండెలవని చెప్పలేం. దగ్గరలో వైద్యం లేక, చేతిలో డబ్బు లేక, తోడు నిలిచే మనిషి లేక వదిలినవారూ వారిలో ఉండి ఉంటారు.

తోడు నిలవడం మన శ్రీసభకు కొత్త కాదు. 1833లో పారిస్ నగరంలో ఇరవై ఏళ్ళ ఫ్రెడరిక్ ఒజానాం, అతని స్నేహితులు కలిసి పేదల ఇళ్ళకు స్వయంగా వెళ్ళడం మొదలుపెట్టారు. అదే పునీత విన్సెంట్ దె పాల్ సభ. 1863లో అది మన దేశానికి వచ్చింది. 1997లో రెండవ జాన్ పాల్ పోపు గారు ఒజానాంను ధన్యుడిగా ప్రకటించారు. ఆ సభ్యులు ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళతారు, విన్న కష్టాన్ని బయట పెట్టరు, మళ్ళీ వెళతారు. ఒక దేశంలోని శాఖ మరో దేశంలోని శాఖతో జత కట్టి డబ్బు పంపే ఏర్పాటు కూడా వారిలో ఉంది. డబ్బు దూరం నుంచి రావచ్చు, కాళ్ళు మాత్రం దగ్గరివి కావాలి. అక్కడి దాతకు ఇక్కడి వీధి తెలియదు. మన వీధి తెలిసినవారు మనమే.

అయితే ఇచ్చే పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. బియ్యం సంచి చేతికిచ్చి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటున్నాం. సాయం అందుకున్నవారి పేర్లు గుడిలో చదువుతున్నాం. మనసు కుంగినవారికి ఇది గాయం మీద ఉప్పు. ఏ వాకిట్లో పరువు పోయి వారు కుంగారో, ఆ వాకిట్లోనే మనం దానం పేరుతో మళ్ళీ పరువు తీస్తున్నాం. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టారు. కులం అడగలేదు, కారణం అడగలేదు. బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ప్రభుత్వం ఆమె పేరు పెట్టిందంటే, ఎంత పెట్టారన్నది చూసి మాత్రమే కాదు, ఎలా పెట్టారన్నది కూడా జనం గుర్తుంచుకున్నారు గనుకనే. ఆకలిగొన్నవాడు ఆ అరుగు మీద అతిథి. మన గుడి మెట్ల మీద అతడు ఏమవుతున్నాడు?

మరొక జాగ్రత్త. న్యాయంగా రావలసినదాన్ని దానంగా ఇవ్వకూడదని రెండవ వాటికన్ మహాసభ నేర్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ ఆస్పత్రులలో మానసిక చికిత్స ఉచితంగా అందాలి. అది హక్కు. 2016 చట్టం మానసిక రుగ్మతను వైకల్యాలలో చేర్చింది. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. అందుకు 40 శాతం ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం కోసం తిరగడానికి చదువు, ఓపిక, దారి ఖర్చు కావాలి. ఒక కుటుంబాన్ని ఈ పింఛనుకు చేర్చగలిగితే అది ఏళ్ళ తరబడి మనం ఇవ్వగల చందా కంటే ఎక్కువ. మన యువతీయువకులు దరఖాస్తు నింపి, ఒకరోజు సెలవు పెట్టి వెంట వెళ్ళడం గొప్ప ధర్మకార్యం. రాజమహేంద్రవరం, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు రాత్రి పగలు ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు గుడి నోటీసు బోర్డు మీద ఉందా?

లెక్క కూడా వేసి చూద్దాం. మీ విచారణలో 200 కుటుంబాలు ఉన్నాయనుకోండి. కుటుంబానికి నెలకు 20 రూపాయలు తీస్తే 4,000 అవుతుంది. పైన చెప్పిన సర్వే లెక్కన ఇద్దరు ముగ్గురు రోగులకు మందు ఆగకుండా చూడడానికి అది సరిపోతుంది. అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం దేవుని కోసం తీసి పెట్టే అలవాటు మన తల్లులది. ఆ గుప్పెడులో ఒక భాగం దీనికి చెందకూడదా? విచారణ గురువులు, కన్యస్త్రీలు, ఇద్దరు నమ్మకస్తులైన పెద్దలు మాత్రమే పేర్లు తెలిసినవారుగా ఉంటే చాలు. ఒక డాక్టరు గారితో, ఒక మందుల షాపుతో మాట్లాడుకుంటే చాలు. పక్క విచారణ, పక్క వీధిలోని ఇతర మతాల పెద్దలు కలిసివస్తే మరీ మంచిది. గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న మన బిడ్డలు పండుగ కానుకలు పంపుతున్నారు. ఇళ్ళకు దూరంగా, నాలుగు గోడల మధ్య పనిచేసే ఆ ఆడబిడ్డలకు మనసు బాధ అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. అడిగితే వారు కాదనరు.

ప్రార్థన వద్దని నేను అనడం లేదు. స్వస్థత ప్రార్థనలకు వెళ్ళండి, నిర్మలగిరికి వెళ్ళి మరియమాతకు మొక్కుకోండి. కాని ప్రార్థన పేరుతో రోగి చేతిలోని మాత్రను మాన్పించకండి. దూత తెచ్చిన రొట్టె కూడా దేవుడు పంపినదే. "పిచ్చోడు" అనే మాటను మీ ఇంట్లో పిల్లల నోట రానీయకండి. సంబంధాలు చెడిపోతాయని జబ్బును దాచే తల్లిదండ్రులను నిందించకండి. దాచవలసిన అవసరం రాని ఊరుగా మన ఊరిని మార్చండి.

ఈ ఆదివారం దివ్యబలి పూజకు ఎవరు రాలేదో ఒకసారి చుట్టూ చూడండి. ఒకప్పుడు ముందు వరుసలో పాడిన గొంతు ఏదైనా వినిపించడం మానేసిందా? సాయంత్రం మరొకరిని తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళండి. ఉపదేశం వద్దు. ఇంట్లో ఏముందో, ఏం లేదో కనిపెట్టండి. మందు చీటీ ఉంటే ఎప్పుడు అయిపోతుందో అడగండి. చేతనైనది చేయండి. లేచేటప్పుడు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పండి. చెప్పిన రోజున తప్పకుండా వెళ్ళండి.